అద్దె కాక ఇంకెంత?

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అద్దె ఇంట్లో దిగి చూడు అని మాత్రం ఎవరూ అనలేదు. ఆ సామెత చెప్పిన పెద్దమనిషికి సొంత ఇల్లు వుండి వుంటుంది, మరేం కాదు.

"అద్దె ఎంతండీ?" అని అడిగితే ఇంటాయన ఒక అంకె చెబుతాడు. ఆ అంకెని జీతంలోంచి తీసేసి, మిగిలినదాంతో నెల గడుస్తుందా గడవదా అని వేళ్ళమీద లెక్క వేసుకుని, సరేనండీ అంటాం. అసలు కథ అక్కడ మొదలవుతుంది. అడ్వాన్సు వేరే. బ్రోకరుకి ఒక నెల అద్దె వేరే. అగ్రిమెంటు ఖర్చు వేరే. మెయింటెనెన్సు వేరే, దానిమీద సర్కారువారి పన్ను వేరే. ఎండాకాలంలో నీళ్ళ టాంకరు వేరే. ఖాళీ చేసి వెళ్ళేనాడు గోడల రంగుకి అడ్వాన్సులో కోత వేరే. ఇన్ని వేరేలూ కలిసి ఒక ఏరవుతాయి. మనం అద్దెకి దిగామనుకుంటాం గాని దిగింది ఆ ఏట్లో.

ఇదంతా ఈ అపార్టుమెంట్ల కాలంలో వచ్చిన తెగులని చాలామంది అభిప్రాయం. పాతకాలంలో ఇలా లేదు, పదిరూపాయలిస్తే పెంకుటిల్లూ, పెరడూ, బావీ అన్నీ వచ్చేవి అంటారు. పదిరూపాయల మాట నిజమే కావచ్చు. అద్దెతో పోయేది కాదన్న సంగతి మాత్రం చాలా పాతది. ఎంత పాతదంటే, కౌటిల్యుడికి తెలుసు.

అర్థశాస్త్రం మూడో అధికరణంలో ఇళ్ళ తగాదాల గురించి రాస్తూ ఆయన అద్దెవాళ్ళని కూడా తలుచుకున్నాడు. ఖాళీ చెయ్యమన్నా చెయ్యకుండా కూర్చున్నవాడికి పన్నెండు పణాలు జుల్మానా. అద్దె ఇచ్చినవాణ్ణి బయటికి గెంటిన ఇంటివాడికి కూడా అదే పన్నెండు పణాలు. ఇంతవరకూ న్యాయం త్రాసులో తూచినట్టే వుంది. అద్దెవాడు దొంగతనం చేసినా, కొట్లాటకి దిగినా, ఇల్లు నాదేనని దబాయించినా గెంటెయ్యవచ్చునట, దానికి తప్పులేదు. ఆ తరవాత మెల్లిగా ఒక ముక్క వేశాడు: అద్దెవాడు తనంతట తాను ఇల్లు వదిలి పోతే ఆ ఏడాదికి మిగిలిన అద్దె కట్టి పోవాలి. ఈనాటి అగ్రిమెంట్లలో దీన్ని లాకిన్ పీరియడ్ అంటున్నారు. హైటెక్ సిటీ దగ్గర ఫ్లాటు తీసుకున్న కుర్రవాడు ఉద్యోగం మారి బెంగుళూరు వెళ్ళబోతూ ఆ షరతు చూసి ఇదెక్కడి కొత్త దోపిడీ అనుకుంటాడు. కొత్తదేమీ కాదు నాయనా, చాణక్యుడు రాసిపెట్టి పోయిందే.

మన తెలుగుదేశంలోనూ ఇంటికి పన్ను కొత్త కాదు. పాత శాసనాల్లో 'ఇల్లరి' అనే మాట కనిపిస్తుంది. అరి అంటే పన్ను, కప్పం. ఇంటిమీద వేస్తే ఇల్లరి, మగ్గం మీద వేస్తే మగ్గరి, పశువులు మేసే పుల్లుకి, అంటే గడ్డికి వేస్తే పుల్లరి. చివరిమాట 1921లో పలనాడు పుల్లరి సత్యాగ్రహం పుణ్యమా అని ఇప్పటికీ బతికి వుంది. ఇల్లరి అన్న మాట పోయింది, పన్ను పోలేదు. మాటలకన్న పన్నులకి ఆయుష్షు ఎక్కువ.

పన్ను వెయ్యడం తేలికే. దాన్ని ఎవరి నెత్తిన పెట్టాలన్నదే చిక్కు. ఇంటివాడి నెత్తినా, ఇంట్లో వున్నవాడి నెత్తినా? ఈ ప్రశ్న మీద ఇంగ్లండువాళ్ళు చేసినన్ని ప్రయోగాలు మరెవరూ చెయ్యలేదు.

1662లో రెండో ఛార్లెసు రాజుగారికి డబ్బుకి ఇబ్బంది వచ్చింది. రాజులకి డబ్బుకి ఇబ్బంది రాని కాలం లేదనుకోండి. అప్పుడు పొయ్యి పన్ను వేశారు. ఇంట్లో ఎన్ని పొయ్యిలుంటే అన్నిటికి, పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగుల చొప్పున, రెండు వాయిదాల్లో కట్టాలి. కట్టవలసినవాడు ఇంటి ఆసామీ కాదు, ఆ ఇంట్లో కాపురమున్నవాడు. మరీ బీదవాళ్ళని వదిలేశారు గాని, రెండేళ్ళు తిరక్కుండానే రెండుకన్న ఎక్కువ పొయ్యిలున్నవాళ్ళకి ఆ మినహాయింపు తీసేశారు. లెక్క చూడటానికి అధికారి సరాసరి వంటింట్లోకి రావచ్చు. పరాయి మగాడు వంటింట్లోకొచ్చి పొయ్యిలు లెక్కపెడితే ఏ ఇల్లాలికి ఒళ్ళు మండదు? ఆక్స్‌ఫర్డు దగ్గర చర్చిల్ అనే పల్లెలో 1684లో ఒక రొట్టెలమ్మాయి ఈ పన్ను తప్పించుకోవడానికి తన పొయ్యికి వేరే గొట్టం పెట్టకుండా, గోడకి కన్నం వేసి పక్కింటి పొగగొట్టంలోకి కలిపిందనీ, ఆ నిప్పు అంటుకుని ఇరవై ఇళ్ళు తగలబడి నలుగురు చచ్చిపోయారనీ చెప్పుకుంటారు. రెండు షిల్లింగుల దగ్గర ఊరు పోయింది. 1689లో కొత్తగా సింహాసనమెక్కిన విలియం, మేరీ దంపతులు ఆ పన్ను ఎత్తేసి జనం మెప్పు పొందారు.

ఏడేళ్ళు తిరిగేసరికి విలియంకీ ఇబ్బంది వచ్చింది. 1696లో కిటికీ పన్ను పుట్టింది. దీనికి వంటింట్లోకి రానక్కరలేదు, వీధిలో నిలబడి లెక్కపెట్టుకోవచ్చు. ఇల్లుకి రెండు షిల్లింగులు మామూలు, పదికన్న ఎక్కువ కిటికీలుంటే ఆపైన ఇంకా. 1766లో ఈ హద్దు తగ్గించి ఏడు కిటికీల ఇళ్ళని కూడా పన్నులోకి లాగారు. ఆ వెంటనే దేశంలో సరిగ్గా ఏడు కిటికీలున్న ఇళ్ళ సంఖ్య మూడింట రెండు వంతుల దాకా పడిపోయింది. ఇళ్ళు కూలిపోలేదండీ, ఒక కిటికీకి ఇటుకలు పెట్టి మూసేశారు.

నన్నడిగితే, ఈ కిటికీ పన్ను కథలో చూడవలసింది ఇటుకలు కాదు. ఆ ఇటుకల వెనక ఎవరున్నారన్నది. ఈ పన్ను కూడా మామూలుగా కాపురమున్నవాడే కట్టాలి. అయితే ఒకే పెద్ద భవనంలో పది పదిహేను బీద కుటుంబాలు తలో గదిలో అద్దెకుంటే, దాన్నంతా ఒకే ఇల్లుగా లెక్కకట్టి ఇంటివాణ్ణి కట్టమన్నారు. చూడటానికి ఎంత దయగా వుంది! బీదవాణ్ణి వదిలేసి కలవాణ్ణి పట్టుకున్నారు. ఇంటివాడేం చేశాడు? తాపీవాణ్ణి పిలిచి కిటికీలు పూడ్పించాడు. పన్ను మిగిలింది ఇంటివాడికి, చీకటి మిగిలింది అద్దెవాడికి. గాలీ వెలుతురూ లేని గదుల్లో విషజ్వరాలు పాకిపోతున్నాయని వైద్యులు మొత్తుకున్నారు. డికెన్సు తన పత్రికలో ఈ పన్ను మీద దుమ్మెత్తిపోశాడు. ఆడం స్మిత్ అంతకు చాలాముందే మరో తప్పు పట్టాడు: పల్లెటూళ్ళో తక్కువ అద్దె పలికే ఇంటికి లండన్లో గొప్ప అద్దె పలికే ఇంటికన్న ఎక్కువ కిటికీలుండవచ్చు, కనక బీదవాడి మీదే బరువెక్కువ అని. ఎవరెన్ని చెప్పినా నూటయాభై ఏళ్ళకి పైగా నడిచి 1851లో గాని పోలేదు. ఫ్రాన్సువాళ్ళు దీన్ని చూసి ముచ్చటపడి 1798లో తలుపులకీ కిటికీలకీ కలిపి వేసుకున్నారు. వాళ్ళు 1926 దాకా వదల్లేదు.

ఇక మన దేశానికి వద్దాం.

1810లో కంపెనీ ప్రభుత్వం పదిహేనో నంబరు రెగ్యులేషను అని ఒకటి తెచ్చింది. బెంగాలు రాజధాని కింద వున్న పెద్దపట్నాల్లో, అందులో కాశీ ఒకటి, ఇళ్ళమీద ఏడాది అద్దెలో నూటికి 5, దుకాణాలమీద నూటికి 10 పన్ను. గుళ్ళూ మసీదులూ వంటివి మినహాయింపు. ఇల్లు అద్దెకిస్తే వచ్చిన అద్దెమీద. ఇవ్వకుండా తానే వుంటే? అద్దెకిస్తే ఎంతొచ్చేదో ఊహించి దానిమీద! ఎవరూ ఇవ్వని, ఎవరూ పుచ్చుకోని అద్దెమీద పన్ను. ఈ కిటుకు ఎంత బాగా పనికొచ్చిందంటే మన మునిసిపాలిటీలు దాన్ని రెండువందల ఏళ్ళు వాడుకున్నాయి. వార్షిక అద్దె విలువ అన్న మాట ఇంటిపన్ను నోటీసుల్లో చూసే వుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి దాన్ని వదిలి ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు.

కాశీ జనానికి ఈ కిటుకు నచ్చలేదు. ఆ ఏడు డిసెంబరులో ఊరు ఊరంతా దుకాణాలు మూసేసింది. ముందు కదిలింది పండితులు కాదు, జమీందార్లు కాదు, కమ్మరులు. తమ కులంవాళ్ళందర్నీ చుట్టుపక్కల నుంచి పిలిపించుకుని పనిముట్లు కింద పెట్టేశారు. కమ్మరి కొలిమి ఆగితే రైతు నాగలి ఆగుతుంది గదా. తరవాత పడవవాళ్ళు, నేతగాళ్ళు, ఒక్కొక్క కులమే వచ్చి చేరింది. శవసంస్కారం చేసేవాళ్ళు కూడా లేచిపోతే శవాల్ని తంతు లేకుండానే గంగలో వదిలేశారని అధికార్లే రాసుకున్నారు. ఇరవైవేలమందికి పైగా ఇళ్ళు వదిలి ఊరి బయట మైదానంలో ధర్ణా కూర్చున్నారు. పన్ను తీసేదాకా లేవమన్నారు. జనవరి చలి. కాశీ చలి ఎలా వుంటుందో వెళ్ళినవాళ్ళకి తెలుసు. దెబ్బలాట లేదు, రాయి విసరలేదు. అప్పుడు అక్కడ తాత్కాలిక మేజిస్ట్రేటుగా వున్న బర్డు దొరగారికి ఏం చెయ్యాలో పాలుపోలేదు. కొట్టడానికి వాళ్ళు తిరగబడితే గదా!

వాళ్ళు పెట్టుకున్న అర్జీ చదివితే ఈనాటి అపార్టుమెంటు వాట్సాపు గ్రూపులో రాసినట్టే వుంటుంది. పూర్వపు సుల్తానులు కూడా మా కొంపల మీదికి రాలేదు. స్టాంపు రుసుములు, కోర్టు ఫీజులు, సుంకాలు ఇప్పటికే పదింతలు పెరిగాయి. మా పేట గేటుకి కాపలావాడి ఖర్చు, ఫాటక్‌బందీ అని, అదీ మేమే పెట్టుకుంటున్నాం. అవన్నీ వుండగా ఇదొకటా, పుండుమీద కారంలాగ? ఇదీ సారాంశం. చూశారా, మెయింటెనెన్సు కట్టాక మళ్ళీ పన్నేమిటన్న ప్రశ్న కొత్తదనుకున్నాం.

చివరికి కాశీరాజు మధ్యవర్తిగా వచ్చి బతిమాలితే జనవరి ఆఖరుకి జనం లేచి వెళ్ళారు. ముందు బీదాబిక్కీకి మినహాయింపులిచ్చారు. 1812లో ఆ రెగ్యులేషనే రద్దయింది. ఈ కాగితాలన్నీ దొరల కచేరీల్లో మూలుగుతుంటే ధరంపాల్ అనే చరిత్రకారుడు వెతికి తీసి 1971లో పుస్తకంగా అచ్చువేశాడు. సహాయనిరాకరణ అన్నది గాంధీగారు పరాయిదేశం నుంచి పట్టుకొచ్చింది కాదు, మన పేటల్లో వున్నదేనని ఆయన వాదం. ఆ వాదం ఎంతవరకు నిలుస్తుందో పండితులు తేల్చుకోనివ్వండి. ఆ కమ్మరుల కథ మాత్రం నిలిచింది.

ఇల్లు వదిలి వెళ్ళిపోవడమనే ఆయుధాన్ని నూటపదేళ్ళ తరవాత మనవాళ్ళు పట్టుకున్నారు. చీరాల, పేరాల. అప్పట్లో గుంటూరు జిల్లా. రెండూ పక్కపక్కనున్న నేతగాళ్ళ ఊళ్ళు, రెండూ కలిపి పదిహేనువేల జనం. యూనియనుగా వున్నన్నాళ్ళు ఏడాదికి సుమారు 4,000 రూపాయల పన్ను కట్టేవాళ్ళు. మొదటి యుద్ధం అయిపోయాక మద్రాసు ప్రభుత్వం వాళ్ళని మునిసిపాలిటీ చేసి గౌరవించింది. ఆ గౌరవం ఖరీదు సుమారు 40,000 రూపాయలు. మాకు మీ మునిసిపాలిటీ వద్దు మహాప్రభో అన్నా వినలేదు. పన్ను కట్టనన్నవాళ్ళని జైలుకి పంపారు, అందులో ఒక స్త్రీ కూడా వుంది.

అప్పుడు దిగాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చి, ఉద్యోగం చేసి వదిలేసి, రామదండు అని ఒక స్వచ్ఛంద దళాన్ని కూర్చిన మనిషి. పాటా, పద్యం, హాస్యం అన్నీ ఆయన నాలుక మీదే. 1921 ఏప్రిల్లో గాంధీగారు చీరాల వచ్చినప్పుడు సలహా అడిగారు. ఆయన రెండు దారులు చెప్పారు: శాంతంగా పన్ను నిరాకరించి వచ్చిందేదో పడటం, లేదా మునిసిపాలిటీ హద్దు దాటి వెళ్ళిపోవడం. ఊరుంటేనే గదా మునిసిపాలిటీ!

వెళ్ళిపోయారు. పదిహేనువేలలో నూటికి ఎనభైమందికి పైగానే సొంత గోడలు, మగ్గాల గుంటలు, తులసికోటలు వదిలి ఊరి బయట తాటాకు పాకల్లో చేరారు. దానికి రామనగరమని పేరు పెట్టుకున్నారు. ఎండాకాలం నిప్పులు చెరిగింది, ఆ తరవాత వానలు పాకల్లోకి వచ్చాయి. నేతగాడికి పాకలో మగ్గం నడవదు, మగ్గం నడవకపోతే పొయ్యి వెలగదు. పై నుంచి వస్తుందనుకున్న డబ్బు సాయం సరిపడా రాలేదు. మధ్యలో దుగ్గిరాలని బరంపురం ఉపన్యాసం దగ్గర పట్టుకుని ఏడాది శిక్ష వేశారు. అయినా పదకొండు నెలలు వున్నారు. 1922లో గాని మళ్ళీ ఇళ్ళకి రాలేదు. కాశీలో పన్ను పోయింది, చీరాలలో పోలేదు. అయినా చీరాల పేరు చెప్పగానే మనకి ఓడిపోయినవాళ్ళు గుర్తుకు రారు.

ఈ రెండు కథల్లోనూ ధర్ణా చేసింది చాలామటుకు తమ కొంపలో తామున్నవాళ్ళు. అద్దెవాడు ధర్ణా చేసిన కథలు తక్కువ. వాడికి అంత ఓపికెక్కడిది? పెట్టే బేడా సర్దుకుని మకాం మార్చడమే వాడి సత్యాగ్రహం. మారినచోట కొత్త అడ్వాన్సు, కొత్త బ్రోకరు.

పదకొండు నెలలంటే గుర్తొచ్చింది. మన అద్దె అగ్రిమెంట్లు కూడా పదకొండు నెలలకే రాస్తారు, ఎందుకో ఎప్పుడైనా అడిగారా? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమూ, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టమూ, ఏడాది దాటిన కౌలు అయితే రిజిస్టరు చేసితీరాలన్నాయి. రిజిస్టరు చేస్తే స్టాంపు, ఫీజు. పన్నెండు నెలలకి రాసినా ఏడాది దాటదు, ఫరవాలేదు గాని మనవాళ్ళకి అంత దగ్గరదాకా వెళ్ళడం భయం. అందుకని ఒక నెల వెనక్కి తగ్గి పదకొండు దగ్గర ఆగారు. ఏటా పదకొండో నెల అయిపోగానే కొత్త కాగితం, కొత్త అద్దె, "ఈసారి కాస్త పెంచాలండీ" అన్న కొత్త దీర్ఘం. స్టాంపు ఖర్చు తప్పిందన్న సంతోషం ఆ దీర్ఘంలో కరిగిపోతుంది. ఈ స్టాంపు కాగితం 1624లో హాలండులో పుట్టింది. 1797 నాటికి బెంగాలు చేరింది. ఇప్పటికీ మన మీద నడుస్తున్న స్టాంపు చట్టం 1899 నాటిది. మూడు తరాలు తాతలు, మునితాతలు సంతకాలు చేసి పోయారు, అది మాత్రం పోలేదు.

అన్నిటికన్న విచిత్రమైన ఫీజు బొంబాయిలో పుట్టింది. అక్కడ అద్దెవాళ్ళని కాపాడదామని 1947లో చట్టం చేసి, ఇళ్ళ అద్దెల్ని 1940 సెప్టెంబరు నాటి మట్టానికి బిగించారు. మంచి వుద్దేశమే. కాలం మాత్రం బిగుసుకుని కూర్చోలేదు. బియ్యం పెరిగాయి, బట్ట పెరిగింది, అద్దె పెరగలేదు. ఇంటివాడు ఊరుకుంటాడా? అద్దె కింద అడగలేనిది పగిడీ కింద అడిగాడు. పగిడీ అంటే తలపాగా. గౌరవంగా తలపాగా సమర్పించడమన్నమాట. ఆ తలపాగాలో కట్టిన నోట్లు ఒక్కోసారి ఇంటి ఖరీదు అంతుండేవి. ఇల్లు కొన్నంత డబ్బిచ్చి అద్దెవాడుగానే వుండటం! మళ్ళీ ఆ అద్దెవాడు ఇంకొకరికి బదిలీ చేస్తే కొత్త పగిడీలో మూడో వంతు దాకా ఇంటివాడికి వాటా. పగిడీ పుచ్చుకుంటే జైలని చట్టంలో రాసే వుంది. అందుకని రసీదు ఇచ్చేవాళ్ళు కాదు, అంతే తేడా. అర్ధశతాబ్దం ఇలా నడిచాక, 1999లో మహారాష్ట్ర ప్రభుత్వం కొత్త అద్దె చట్టం చేస్తూ పగిడీ తీసుకోవడం తప్పు కాదు పొమ్మంది. మన దగ్గర 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె చట్టం కూడా అద్దె కాక ప్రీమియం లాంటివి అడగరాదనే చెప్పింది. చట్టం చెప్పింది, మనం విన్నాం, బజారులో షాపులకి 'గుడ్‌విల్' ఇచ్చి పుచ్చుకున్నాం.

నాకు తెలిసిన ఒక ఇంటాయన పద్ధతి మరీ నాజూకు. అద్దె పెంచడు, పల్లెత్తు మాటనడు. ఖాళీ చేసేరోజున మాత్రం గోడలన్నీ అరచేత్తో తడిమి చూస్తాడు. మేకు దిగిన ప్రతి కన్నానికీ ఇంత. దేవుడి పటం మేకుకి కూడా మినహాయింపు లేదు. పొయ్యిలకీ కిటికీలకీ పన్ను వేసిన దొరలు ఈ కన్నాల సంగతి కనిపెట్టలేకపోయారే అని నాకు జాలి.

ఇప్పటి లెక్కలు కొన్ని చెప్పుకోవాలి, డబ్బు తగిలే సంగతులు గనక. అపార్టుమెంటు సంఘం ఏడాది వసూళ్ళు 20 లక్షలు దాటి, ఫ్లాటుకి నెల మెయింటెనెన్సు 7,500 రూపాయలు దాటితే నూటికి 18 జి.ఎస్.టి. పడుతుంది. 2018 జనవరికి ముందు ఆ హద్దు 5,000 వుండేది. ఇల్లు చూసేటప్పుడు మెయింటెనెన్సు ఎంతని అడిగేవాళ్ళు కూడా పన్నుతోనా పన్ను కాకనా అని అడగరు. రెండోది, 2017 జూన్ నుంచి నెల అద్దె 50,000 దాటితే ఇంటివాడి ఆదాయపు పన్నులో కొంత అద్దెవాడే పట్టుకుని సర్కారుకి కట్టాలి. మొదట నూటికి 5, 2024 అక్టోబరు నుంచి 2. అంటే అద్దెవాడు జీతం బత్తెం లేని కరణం అయ్యాడన్నమాట. కట్టడం మరిచిపోతే వడ్డీ, ఆలస్యపు రుసుము ఆ కరణానివే.

దీనికి తోక ఇంకొకటి వుంది, అది మన తెలుగువాళ్ళకే ఎక్కువ తగిలేది. ఇంటి ఆసామీ అమెరికాలోనో మరోచోటో స్థిరపడి, ఆదాయపు పన్ను లెక్కలో ప్రవాసి అయితే ఈ 50,000 హద్దు వర్తించదు. అద్దె ఎంత చిన్నదైనా నూటికి 30కి పైగా పట్టి కట్టాలి. ఆయన తక్కువ పట్టేందుకు సర్టిఫికెట్టు తెచ్చుకుంటే వేరే సంగతి. గచ్చిబౌలిలో, కూకట్‌పల్లిలో ఫ్లాట్లు సగం ఎవరివో మీకు నేను చెప్పాలా? అద్దె మామగారికో బావమరిదికో ఇస్తుంటాం, అసలు ఆసామీ డల్లాసులో వుంటాడు. అగ్రిమెంటు మీద ఎవరి పేరుందో, ఆయన ఏ దేశంలో వుంటున్నాడో ముందే అడిగి పెట్టుకోవడం మర్యాద తక్కువేమీ కాదు.

సముద్రం దాటిన మన పిల్లలకి ఇంకో రకం. మన దేశంలో మునిసిపల్ పన్ను మామూలుగా ఇంటివాడి పేర వస్తుంది, మనకి అదే అలవాటు. ఇంగ్లండులో కౌన్సిల్ టాక్సు అని ఒకటుంది. అది సాధారణంగా ఇంట్లో కాపురమున్నవాడే కట్టాలి. పొయ్యి పన్ను నాటి పద్ధతే. ఇది 1993లో వచ్చింది. దానికి ముందు థాచరమ్మగారు తలపన్ను వేసి చూస్తే 1990 మార్చి 31న లండన్ నడిబొడ్డున పెద్ద అల్లరి జరిగింది, ఆ ఏడాదిలోనే ఆవిడ గద్దె దిగింది. ఇంట్లో వున్నవాళ్ళంతా పూర్తికాలపు విద్యార్థులైతే కౌన్సిల్ టాక్సు లేదు. అయితే నలుగురు కుర్రాళ్ళు ఒక ఫ్లాటులో చేరతారు, అందులో ఒకడి చదువు పూర్తయి ఉద్యోగమొస్తుంది. స్వీట్లు పంచుకుంటారు. ఆ తరవాత కౌన్సిలు నుంచి కవరొస్తుంది. గదులుగా విడదీసి వేరువేరుగా అద్దెకిచ్చిన ఇంట్లో అయితే కట్టేది ఇంటివాడు. కనక ఏ పద్ధతిలో తీసుకుంటున్నామో సంతకానికి ముందే చూసుకోవాలి.

జర్మనీ వెళ్ళినవాళ్ళకి మరో వింత. అక్కడ 2013 నుంచి ప్రతి ఇంటికీ నెలనెలా రేడియో, టీవీ రుసుము కట్టాలి. ఇంట్లో టీవీ వున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మా యింట్లో టీవీ లేదండీ అని ఉత్తరం రాసిన పిల్లలున్నారు. 1980ల నడిమి దాకా మనమూ పోస్టాఫీసుకి వెళ్ళి రేడియో లైసెన్సు కట్టి పుస్తకంలో స్టాంపు వేయించుకున్నవాళ్ళమే. అయితే మనకి రేడియో వుంటేనే లైసెన్సు. ఫ్రాన్సులో ఏడాది మొదటి తేదీన ఆ ఇంట్లో ఎవరుంటే వాళ్ళే కట్టవలసిన నివాసపు పన్ను ఒకటుండేది. సొంతంగా కాపురముండే ఇళ్ళకి దాన్ని 2023 నుంచి పూర్తిగా ఎత్తేశారు.

అద్దెవాడి మొర అసలు ఎవరూ వినలేదని అనకూడదు. జర్మనీలో 2015 నుంచి బ్రోకర్ని ఎవరు పిలిస్తే ఫీజు వాళ్ళదే. ఇంగ్లండులో 2019 జూన్ 1 నుంచి అద్దెవాడి దగ్గర అప్లికేషను ఫీజు, ఆరా తీసిన ఫీజు, కాగితాల ఫీజు వంటివి గుంజరాదన్నారు, డిపాజిట్టు మామూలు ఇళ్ళకి ఐదు వారాల అద్దె మించరాదన్నారు. న్యూయార్కులో 2025 జూన్ నుంచి, ఇంటివాడు పెట్టుకున్న బ్రోకరుకి అద్దెవాడు డబ్బివ్వనక్కరలేదు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2021లో ఒక నమూనా అద్దె చట్టం తయారుచేసింది. కాపురం ఇళ్ళకి అడ్వాన్సు రెండు నెలల అద్దె దాటరాదని అందులో రాశారు. నమూనా అంటే నమూనాయే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలు. పది నెలల అద్దె అడ్వాన్సుగా పుచ్చుకునే అలవాటున్న బెంగుళూరు ఇంటివాళ్ళకి ఈ రెండు నెలల మాట చెబితే, హాస్యమాడుతున్నామనుకుని వాళ్ళూ నవ్వుతారు, కాఫీ కూడా ఇస్తారు. ఆ కాఫీకి మాత్రం ఇంతవరకు ఎవరూ ఛార్జీ వెయ్యలేదు.